ఆడబిడ్డ భాగం
(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

మారుతున్న విలువలు, మారుతున్న కుటుంబ చట్టాలు అనే అంశం మీద మాట్లాడమని సంఘం వాళ్లు అడిగారు. ఇచ్చింది పదిహేను నిమిషాలు. అందులోనే పెళ్లి, విడాకులు, భరణం, దత్తత అన్నీ చెప్పబోతే ఏదీ చెప్పినట్టు కాదు. అందుకని ఒక్కటే తీసుకుంటాను: పుట్టింటి ఆస్తిలో ఆడబిడ్డ భాగం. 1987లో నల్లకోటు వేసుకుని అదాలత్ గడప ఎక్కిన దగ్గర్నుంచి నేను ఎక్కువగా చూసినవి ఈ తగాదాలే.

సెప్టెంబరు 5 అంటే ఇక్కడున్నవాళ్లందరికీ గురుపూజోత్సవమే గుర్తొస్తుంది. మా వృత్తిలో 1985 సెప్టెంబరు 5కు ఇంకో అర్థం ఉంది. ఎన్.టి. రామారావు గారు ముఖ్యమంత్రిగా ఉండగా ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం హిందూ వారసత్వ చట్టాన్ని మన రాష్ట్రం వరకు సవరించింది. అది 1986లో 13వ చట్టంగా వచ్చినా, అమలు మాత్రం ఆ తేదీ నుంచే. ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కూడా కొడుకు మాదిరిగానే పుట్టుకతో హక్కు ఉంటుందన్నది దాని సారం. కేరళ అప్పటికే ఉమ్మడి కుటుంబ పద్ధతినే రద్దు చేసింది. ఆ పద్ధతిని ఉంచి, అందులో కూతురిని కూర్చోబెట్టిన మొదటి రాష్ట్రం మాత్రం మనదే. తమిళనాడు 1989లో, కర్ణాటక, మహారాష్ట్ర 1994లో ఆ దారి పట్టాయి.

అంతకుముందు ఏముండేది? మన దగ్గర నడిచింది మితాక్షర న్యాయం. దాన్ని రాసిన విజ్ఞానేశ్వరుడు కల్యాణి చాళుక్యుల కాలంవాడు. మన కాకతీయులు అప్పటికి ఆ చాళుక్యులకు సామంతులు. అంటే ఈ లెక్క మనకు దూరపు చుట్టమేమీ కాదు. దాని ప్రకారం తాతముత్తాతల ఆస్తిలో పుట్టుకతో హక్కు మగపిల్లలకే. 1956 చట్టం తండ్రి వాటాలో కూతురికీ భాగమిచ్చింది గానీ ఉమ్మడి ఆస్తిలో చోటివ్వలేదు.

లెక్కల మాస్టారు ముందే కూర్చున్నారు కాబట్టి లెక్క వేసి చూపిస్తాను. పిత్రార్జితం తొమ్మిదెకరాలు. ఇద్దరు కొడుకులు, ఒక కూతురు. తల్లి లేదు, తండ్రి పోయాడు. పాత లెక్కలో ముందు తండ్రికి, ఇద్దరు కొడుకులకు తలా మూడెకరాలు. తర్వాత తండ్రి మూడెకరాలను ముగ్గురు పిల్లలు పంచుకోవాలి. కొడుకులకు నాలుగేసి ఎకరాలు, కూతురికి ఒక్కటి. కొత్త లెక్కలో ముగ్గురికీ మూడేసి.

అయితే ఆ 1985 చట్టంలో ఒక మెలిక ఉంది. ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురికి అది వర్తించదు. మేం పదో తరగతి పాసయింది 1979లో. మాతో చదివిన ఆడపిల్లల పెళ్లిళ్లన్నీ అటూ ఇటూగా ఆ ఏళ్లలోనే అయ్యాయి. ఒకే బెంచీ మీద కూర్చున్న ఇద్దరిలో ఒకరికి హక్కు వచ్చింది, ఒకరికి రాలేదు. మా ఇంట్లోనూ అంతే: అక్క పెళ్లి 1983లో, చెల్లె పెళ్లి 1988లో. మా నాన్న చట్టం చదివినవాడు కాదు. 1994లో పంచేటప్పుడు అక్కకూ సమానంగానే ఇస్తానన్నాడు, అందరం సంతకాలు పెట్టి రిజిస్టరు చేయించాం. ఊళ్లో కొందరు నవ్వారు. అందరు నాన్నలూ అలాగే ఉంటే నాకు ప్రాక్టీసే ఉండేది కాదు!

ఆ చట్టం పీఠికను ఒకసారి చదవమని లా విద్యార్థులకు ఎప్పుడూ చెప్తుంటాను. కూతురికి ఆస్తిలో చోటు లేకపోవడం వల్లే వరకట్నమనే దురాచారం పుట్టిందని అందులో రాశారు. భాగమిస్తే కట్నం పోతుందని ఆశ. జరిగిందేమిటో మీకు తెలుసు. కట్నం పోలేదు సరికదా, భాగం ఇవ్వకపోవడానికి అదే సాకయింది. "పెళ్లప్పుడే ఇచ్చాం కదా, ఇంకెక్కడి భాగం?" అనే మాట ఈ నలభై ఏళ్లలో ఎన్నిసార్లు విన్నానో లెక్కలేదు. 1961 నుంచి నేరమైన కట్నాన్ని అడ్డంపెట్టి, చట్టమిచ్చిన వాటాను కొట్టేయడం మనవాళ్లకే చెల్లింది.

కోర్టు దాకా వచ్చేవి కొన్నే. మిగతావి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులోనే ముగుస్తాయి. తండ్రి పోయాక అక్కచెల్లెళ్లను పిలిపిస్తారు. ప్రేమాభిమానాల కొద్దీ తమ హక్కును అన్నదమ్ములకు వదులుకుంటున్నామని కాగితం సిద్ధంగా ఉంటుంది. సంతకం పెట్టే ముందు పక్కకు పిలిచి అడిగితే చాలామంది చెప్పేది ఒకటే: "భాగం అడిగితే రేపు ఒడిబియ్యం ఎవరు పోస్తరు సార్? బతుకమ్మకు ఎవరింటికి పోవాలె? నా బిడ్డ పెండ్లికి మేనమామ రావద్దా?" ఇష్టంగా వదులుకునే హక్కు వాళ్లకుంది, కాదనను. కానీ అన్నదమ్ములు ఎన్నిసార్లు పంచుకున్నా ఎవరికీ పుట్టిల్లు పోదు. ఆస్తా, పుట్టిల్లా అని తేల్చుకోవాల్సింది ఆడబిడ్డ ఒక్కతే. ఈ సభలో అన్నదమ్ములు కూడా ఉన్నారు కాబట్టి ఈ మాట గట్టిగానే అంటున్నాను.

2005 సెప్టెంబరు 9 నుంచి కేంద్ర చట్టమే మారింది. ఎప్పుడు పెళ్లయిందన్న షరతు పోయింది. మా బ్యాచ్‌లో 1985కు ముందు పెళ్లయినవాళ్లకు సరిగ్గా ఇరవై ఏళ్ల నాలుగు రోజుల తర్వాత హక్కొచ్చింది, 2004 డిసెంబరు 20కి ముందే సక్రమంగా పంపకం జరిగిపోకుంటే. ఇంటి గురించి ఒక పాత సెక్షన్ ఉండేది, 23వది. కుటుంబం ఉంటున్న ఇంటిని మగ వారసులు తామై పంచుకునేదాకా కూతురు తన వాటా విడదీయమని అడగరాదనేది. దాన్నీ అప్పుడే తీసేశారు.

ఆ తర్వాత, 2005 నాటికి తండ్రి బతికి ఉండాలా అన్న పేచీ. ఉండాలని 2015లో సుప్రీంకోర్టు అంది. అక్కర్లేదని 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో ముగ్గురు జడ్జీల ధర్మాసనం తేల్చింది. హక్కు పుట్టుకతో వచ్చేదైతే తండ్రి ఎప్పుడు పోయాడన్నదానితో పనేమిటి? ఎప్పుడో నోటిమాటగా పంచుకున్నాం అంటే కూడా చాలదని, దానికి ప్రభుత్వ రికార్డుల వంటి గట్టి ఆధారం ఉండాలని అదే తీర్పు చెప్పింది. మన పల్లెల్లో పంపకాలు ఎక్కువగా నోటిమాట మీదే జరిగినవి కాబట్టి, మనకు ఈ రెండో ముక్కే ఎక్కువ పనికొస్తుంది.

"కొడుకు మాదిరిగానే" అన్న చట్టం మాట చదివినప్పుడల్లా నాకు మన కోట గుర్తొస్తుంది. కొడుకులు లేని గణపతిదేవుడు కూతురికి రాజ్యమిచ్చాడు గానీ, ఆమె రుద్రదేవ మహారాజు అనే మగపేరుతో ఏలాల్సి వచ్చింది. కూతురికి ఏదైనా ఇవ్వాలంటే ముందు ఆమెను కొడుకును చేయాలి కాబోలు!

ఇదంతా హిందూ వారసత్వ చట్టం సంగతి. మనతో చదివిన ముస్లిం మిత్రుల ఇళ్లలో కూతురికి వాటా మొదటి నుంచీ ఉంది, కొడుకు వాటాలో సగం. క్రైస్తవులకు 1925 చట్టంలో కొడుకూ కూతురూ సమానమే. తండాల నుంచి, ఏజెన్సీ నుంచి వచ్చి మనతో చదివిన అక్కచెల్లెళ్ల సంగతే వేరు. షెడ్యూల్డు తెగలకు 1956 చట్టం వర్తించదని అందులోనే రాసి ఉంది, కేంద్రం ప్రత్యేకంగా నోటిఫై చేస్తే తప్ప. దీన్ని సవరించే విషయం ఆలోచించమని సుప్రీంకోర్టు 2022లో కేంద్రానికి చెప్పింది. ఊరి పక్క భూమికి ధర వచ్చిన ఈ రోజుల్లో అది చిన్న లోటు కాదు.

ఇంకొకటి చెప్పి దిగిపోతాను. ఇక్కడున్న ఆడపిల్లల్లో టీచర్లు, బ్యాంకు ఉద్యోగులు, డాక్టర్లు ఉన్నారు. సొంత జీతంతో ఇల్లు కొనుక్కున్నవాళ్లూ ఉన్నారు. హిందూ స్త్రీ వీలునామా రాయకుండా పోతే, భర్తా పిల్లలూ లేనప్పుడు, ఆమె సొంత సంపాదన ముందు భర్త తరఫు వారసులకు పోతుంది. కన్న తల్లిదండ్రుల వంతు ఆ తర్వాతే. 15వ సెక్షన్ ఇప్పటికీ అలాగే ఉంది. చట్టం మారేదాకా చేతిలో ఉన్న మందు వీలునామా ఒక్కటే. తెల్లకాగితం మీద రాసి, ఇద్దరు సాక్షుల ముందు సంతకం పెట్టి, వాళ్ల చేతా పెట్టిస్తే చాలు. స్టాంపు పేపరు అక్కర్లేదు, రిజిస్ట్రేషన్ మీ ఇష్టం. ఎలా రాయాలో తెలియనివాళ్లు భోజనాల దగ్గర నన్ను పట్టుకోండి. ఈ పూట ఫీజు లేదు.