కెమెరాకి తెలిసేది బండి నెంబరే

(మహిళా కార్యకర్తల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



రోడ్డు మీది కెమెరాలకూ స్త్రీల హక్కులకూ ఏమిటి సంబంధమని మీరు అడగవచ్చు. కెమెరా పట్టుకునేది బండి నెంబరును. నోటీసు వెళ్ళేది ఆ బండి ఎవరి పేరున ఉంటే వాళ్ళకి. ఎన్నో ఇళ్ళలో బండి కాగితాలు ఆమె పేరున, తాళంచెవి అతని జేబులో ఉంటున్నాయి.

ముందు కెమెరా పనితీరు చూద్దాం. రాడార్ పరికరం రేడియో తరంగాలను బండి మీదకు పంపుతుంది. తగిలి వెనక్కి వచ్చిన తరంగాల్లోని మార్పును బట్టి వేగం లెక్కకడుతుంది. కొన్ని చోట్ల రెండు కెమెరాలు దూరదూరంగా ఉంటాయి. వాటి మధ్య 10 కిలోమీటర్లను 6 నిమిషాల్లో దాటితే గంటకి 100 కిలోమీటర్ల వేగమన్నమాట. కెమెరా కనబడ్డప్పుడు మాత్రం బ్రేకు వేస్తే లాభం లేదు. ఎర్రలైటు పడ్డాక గీత దాటినా, హెల్మెట్ లేకపోయినా ఫోటోలో దొరుకుతుంది. ఆపైన కంప్యూటరు నెంబరు ప్లేటు చదువుతుంది. ప్లేటు మాసిపోయినా, విరిగినా తప్పు చదవవచ్చు.

యంత్రం చెప్పిందల్లా వేదం కాదని చట్టమే ఒప్పుకుంది. 2021లో వచ్చిన 167ఎ నిబంధన ప్రకారం కెమెరా సరిగ్గా పనిచేస్తున్నదన్న ధృవపత్రాన్ని ఏటా తీసుకోవాలి. కెమెరా ఉందని ముందే బోర్డు పెట్టాలి. నోటీసులో ఫోటో, తేదీ, సమయం, చోటు, కొలిచిన వేగం ఉండాలి. ఇవి లేకపోతే ప్రశ్నించడం మన హక్కు.

బండి నడిపింది వేరొకరైతే? మోటారు వాహనాల చట్టం 133వ సెక్షన్ కింద పోలీసులు అడిగినప్పుడు నడిపిన వ్యక్తి వివరాలు చెప్పడం యజమాని బాధ్యత. కొడుకు పేరో భర్త పేరో చెప్పడానికి ఆమెకి ఇంట్లో ఎంత స్వేచ్ఛ ఉందన్నదే అసలు ప్రశ్న. 2019లో చేర్చిన 199ఎ సెక్షన్ ఇంకా తీవ్రమైంది. మైనరు బండి నడిపి నేరం చేస్తే సంరక్షకులకు లేదా యజమానికి 3 ఏళ్ళ దాకా జైలు, 25,000 రూపాయల జరిమానా. తనకి తెలియకుండా జరిగిందని, లేదా ఆపడానికి తగిన జాగ్రత్త తీసుకున్నానని నిరూపించుకుంటేనే మినహాయింపు.

కెమెరాలు వద్దని నేననడం లేదు. మితిమీరిన వేగం ప్రాణాలు తీస్తుంది. నేను చెప్పేది ఒక్కటే. మీ సంఘాల్లో ఈసారి సమావేశమైనప్పుడు, ఎవరి పేరున బండి ఉందో అడగండి. రవాణా శాఖ రికార్డులో ఎవరి ఫోన్ నెంబరు ఉందో కూడా అడగండి. అది భర్తదైతే, తన పేరున వచ్చిన చలానా సంగతి ఆమెకే తెలియదు. తన నెంబరు రాయించుకోమనండి. బాధ్యత ఆమె మీద ఉన్నప్పుడు సమాచారమూ ఆమెకే అందాలి. బండి ఎవరు ఎలా నడపాలో చెప్పే అధికారమూ ఆమెకుండాలి.