పంచాయితీ మాంసం మీద కాదు, కడిగిన నీళ్ల మీద!

(మహానందిలో విద్యార్థి, ఉద్యోగ మిత్రుల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



సభకు వచ్చే ముందు మేం కోనేటి దగ్గర కాసేపు నిలబడ్డాం. అడుగున పడ్డ రూపాయి బిళ్ల పైకి కనబడుతోంది. ఎండాకాలం, వానాకాలం అనకుండా ఊరే ఈ నీళ్లే బయటికి పారి అరటి తోటలను, వరి మళ్లను పండిస్తున్నాయి. ఇక్కణ్నుంచి నంద్యాల పోయి కుందూ గట్టున నిలబడండి. పట్టణం మురుగంతా మద్దిలేరు, చామకాలువ మోసుకొచ్చి అందులో కలుపుతున్నాయి. ఆ కుందూయే కిందికి పోయి కడప జిల్లాలో పెన్నలో కలుస్తుంది.

మనకు నీళ్లంటే టీఎంసీలు, క్యూసెక్కులు. 1937 నాటి శ్రీబాగ్ ఒప్పందం నుంచి పోతిరెడ్డిపాడు దాకా లెక్కలన్నీ నోటికొచ్చు. మంచిదే. వచ్చిన నీళ్లు గొడ్డు తాగేటట్టయినా ఉన్నాయా అని మాత్రం మనం ఏ సభలోనూ అడగలేదు. అడగనిది మనమే, మేమూ అందులో ఉన్నాం.

సీమలో గొర్రెలు ఎక్కువ, మాంసం ఫ్యాక్టరీలు రావాలి, మన పిల్లలకు ఉద్యోగాలు దొరుకుతాయి అని మనవాళ్లే చాలామంది అంటున్నారు. మేం కాదనం. సంతలో దళారి చెప్పిన రేటుకు జీవాలు తోలి ఇంటికొచ్చే కాపరికి ఇంకో కొనుగోలుదారు దొరకాలి కదా. మాంసం తినడం తప్పని చెప్పడానికీ మేం రాలేదు. మా మాటంతా కడిగిన నీళ్ల గురించే.

ఒక లెక్క చెబుతాం. నీళ్లలోని మురికిని సూక్ష్మజీవులు తినడానికి ఎంత ప్రాణవాయువు కావాలో చెప్పే కొలతను బీఓడీ అంటారు. మాంసం శుద్ధి ఫ్యాక్టరీ బయటికి వదిలే నీళ్లలో అది లీటరుకు 30 మిల్లీగ్రాములు దాటకూడదని పర్యావరణ పరిరక్షణ నిబంధనలు చెబుతున్నాయి. పశువు నెత్తుట్లో అది లక్ష మిల్లీగ్రాములు దాటుతుంది. మంచి నీళ్లలో లీటరుకు ఎనిమిది మిల్లీగ్రాముల ప్రాణవాయువు ఉంటే ఎక్కువ. అంటే ఒక్క లీటరు నెత్తురు వాగులో పడితే పన్నెండు వేల లీటర్ల నీళ్లలోని ప్రాణవాయువును మింగేస్తుంది. చేప చచ్చేది అందుకే, కంపు లేచేది అందుకే.

ఇది తీరని సమస్యేం కాదు. నెత్తురు నేలమీద పడకుండా వేరుగా పట్టాలి. పేడను నీళ్లతో కొట్టకుండా పారతో ఎత్తాలి. కొవ్వును తొట్టిలో తేర్చాలి. మిగిలిన నీళ్లను మగ్గబెట్టి, గాలి కొట్టి శుద్ధి చేయాలి. గాలి కొట్టే మోటార్లు రాత్రీ పగలూ తిరగాలి, కరెంటు బిల్లు కట్టాలి. యజమానికి కక్కుర్తి పుట్టేది ఈ బిల్లు దగ్గరే. తనిఖీ వాళ్లు పగలు వస్తారు, మోటార్లు రాత్రి ఆగుతాయి. వాన పడితే గేటు ఎత్తేయడం ఇంకా సులువు.

పటాన్‌చెరు సంగతి మీకు తెలుసు. చదువుకునే రోజుల్లో ఆ దారిన పోతే బస్సు కిటికీలు మూసుకునేవాళ్లం. మందుల ఫ్యాక్టరీల విషం నక్కవాగులోకి పారుతోందని 1990లోనే సుప్రీంకోర్టులో కేసు పడింది. ఆ పక్కనే రుద్రారంలో అల్ కబీర్ మాంసం ఫ్యాక్టరీ. దానిమీద కేసు కూడా సుప్రీంకోర్టు దాకా పోయి 2006 మార్చిలో తీర్పు వచ్చింది. వాదనలు ఎక్కువగా పశుసంపద తరిగిపోతుందా లేదా అన్నదాని చుట్టే తిరిగాయి. నీళ్ల మాట వెనకబడింది. గోవు పేరు ఎత్తగానే రెండు జెండాలు లేస్తాయి, మురుగు కాలువ దగ్గర ఒక్కరూ ఉండరు! నిన్నగాక మొన్న, 2025లో, తణుకు పక్కన తేతలిలో పశువధశాల కంపు భరించలేక జనం రోడ్డెక్కారు. ఫ్యాక్టరీ లేచాక ఎక్కడం కష్టం, ముందే అడగాలి.

ముందే అడిగే అవకాశం ఉందా? 2006 నాటి పర్యావరణ ప్రభావ నోటిఫికేషన్ జాబితాలో కబేళాలు లేవు. సిమెంటు ఫ్యాక్టరీకైతే ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు, వీటికి ఆ షరతు లేదు. మిగిలింది 1974 నీటి చట్టం. దాని కింద కట్టడానికి ఒక అనుమతి, నడపడానికి ఇంకొకటి కాలుష్య నియంత్రణ మండలి ఇవ్వాలి. శుద్ధి కేంద్రం పనిచేయకుండా ఫ్యాక్టరీ నడవకూడదని 2017 ఫిబ్రవరిలో సుప్రీంకోర్టు ఆదేశించింది. అదే చట్టం 49వ సెక్షన్ ప్రకారం 60 రోజుల నోటీసు ఇచ్చి మామూలు పౌరుడు కూడా కోర్టుకు పోవచ్చు.

పోవడమే కష్టం. మండలి పెద్దాఫీసు విజయవాడలో, గ్రీన్ ట్రిబ్యునల్ చెన్నైలో. ఆళ్లగడ్డ రైతు సీసాలో వాగు నీళ్లు పట్టుకుని ఎన్ని బస్సులు మారాలి? పాలన మన దగ్గరికి రావాలని మనం అడిగేది ఇలాంటి పనులకు కూడా.

అంతదాకా ఆగాల్సిన పని లేదు. ఉద్యోగ మిత్రుల్లో సమాచార హక్కు దరఖాస్తు రాయడం వచ్చినవాళ్లు ఎందరో ఉన్నారు. ఏ ఊళ్లో మాంసం ఫ్యాక్టరీ మాట వినబడినా కర్నూలు ప్రాంతీయ కార్యాలయానికి అనుమతి పత్రం నకలు అడగండి. రోజుకు ఎన్ని నీళ్లు వాడతారు, ఎన్ని వదులుతారు, ఎక్కడికి వదులుతారు అన్నది అందులో రాసి ఉండాలి. సైన్సు చదివే తమ్ముళ్లు, చెల్లెళ్లు ఇప్పుడే వాగు నీళ్లూ బోరు నీళ్లూ పరీక్ష చేయించి కాగితం దాచిపెట్టండి. రేపు నీళ్లు ముందునుంచీ ఇలాగే ఉన్నాయని ఎవరన్నా అంటే చూపడానికి ఆ కాగితం కావాలి.