బడి మార్చుటకు ముందు

(ఏకాదశి సాయంకాలం గవర్నర్‌పేటలో చేసిన ప్రసంగ పాఠం)



గత శనివారం ప్రదక్షిణలు ముగించుకొని కూర్చున్న ఒక యువదంపతులు నన్నొక ప్రశ్న అడిగినారు. వారి అబ్బాయి మూడవ తరగతి. బడి ఇంటికి నడక దూరంలోనే ఉన్నది గాని, అందులో ఐదవ తరగతి వరకే కలదు. “ఊరి చివరనున్న పెద్ద పాఠశాలలో ఇప్పుడే చేర్పిస్తే ఆరవ తరగతికి సీటు ఖాయం, తరువాత ఐఐటీకి దారి సులభమంటున్నారు. బస్సు మాత్రం ఉదయం ఆరున్నరకే వస్తుంది. మార్చమంటారా పంతులుగారూ?” అని. ఈ బెజవాడలో ఇది ఒక్క ఇంటి ప్రశ్న కాదు. అందుకే ఈనాడు మీ అందరి ఎదుట సమాధానం చెప్పుచున్నాను.

శ్రీమద్రామాయణం బాలకాండలో విశ్వామిత్రుడు రాముని పంపుమని కోరగా, పిల్లవానికి పదహారేండ్లైనా నిండలేదని దశరథుడు వెనుకాడినాడు. మనం దానిని పుత్రవ్యామోహమంటాము. కాని ఈ వయస్సుకు ఈ భారం తగునా అన్నది ప్రతి తండ్రీ అడగవలసిన ప్రశ్నయే. వసిష్ఠుడు నచ్చజెప్పిన పిమ్మటనే ఆయన సమ్మతించినాడు. లక్ష్మణుని తోడిచ్చి పంపినాడు.

తరువాతి ఘట్టం గమనించండి. సరయూతీరాన మహర్షి మొదట ఉపదేశించినవి అస్త్రములు కావు. బల, అతిబల అను విద్యలు. అలసటయు, ఆకలిదప్పులును బాధింపకుండుట వాని ఫలం. అస్త్రోపదేశం తాటకవధ తరువాతి మాట. ముందు శరీరానికి రక్ష, పిమ్మట విద్య. గురువు పాటించిన క్రమమిది.

ఈ క్రమాన్ని నేనే తప్పినాను. సుమారు నలుబదేండ్ల క్రితం మా పెద్దబ్బాయిని నాలుగవ తరగతిలోనే పేరున్న బడి కోసం పట్టణంలో బంధువుల ఇంట ఉంచినాను. మార్కులు బాగానే వచ్చినవి. అంతకుముందు దీపాలవేళ మొదలు నిద్రపోవు వరకు “ఎందుకు? ఎందుకు?” అని వేధించే పిల్లవాడు, సెలవులకు వచ్చి మౌనంగా కూర్చునేవాడు. దానిని వినయమనుకొని మురిసినాను. పెద్దవాడైన తరువాత వాడే చెప్పినాడు: “అక్కడ రాత్రిళ్ళు నిద్రపట్టేది కాదు నాన్నగారూ. మీరు బాధపడతారని చెప్పలేదు.” బాలకాండ ఎన్నిమార్లు పురాణం చెప్పినానో! బల, అతిబల మాత్రం నా బిడ్డ విషయంలో గుర్తుకు రాలేదు.

అట్లని బడి మార్చనే కూడదని నా అభిప్రాయం కాదు. ఐదు తరగతులకు ఒక్కరే ఉపాధ్యాయులై పిల్లవానికి చదవడం రాకున్నను, బడిలో కొట్టుట, అవమానించుట ఉన్నను, ఆలస్యం చేయక మార్చవలెను. కేవలం ఆరవ తరగతి సీటు కోసమే అయితే కొన్ని సంగతులు విచారించండి.

“ఇప్పుడు కాకుంటే సీటు దొరకదు” అన్న మాటకు భయపడకండి. ఆరవ తరగతిలో కొత్తగా ఎందరిని చేర్చుకొంటారో ఆ పాఠశాలనే అడిగి తెలుసుకొనండి. ప్రవేశానికి పిల్లలను పరీక్షించి ఏరుట, క్యాపిటేషన్ రుసుము వసూలు చేయుట కూడదని 2009 విద్యాహక్కు చట్టం 13వ సెక్షన్ చెప్పుచున్నది.

పల్లెల నుండి పిల్లలను ఇక్కడికి తెచ్చువారు మరొకటి తెలుసుకోవలెను. నవోదయ విద్యాలయాల ఆరవ తరగతిలో కనీసం 75 శాతం సీట్లు గ్రామీణ విద్యార్థులవి. అందుకు 3, 4, 5 తరగతులు పూర్తిగా గ్రామీణ బడులలోనే చదివి ఉండవలెను. ఆ మూడేండ్లలో ఒక్కరోజు పట్టణ బడిలో చదివినా ఆ అర్హత పోవును. మంచి భవిష్యత్తు కోసమని తొందరపడి, ఉన్న దారినే మూసివేయుదుమా?

ఇక ఆ దంపతులకు నా సలహా. ఒక వారం రోజులు ఆ బస్సు వేళకు సరిపోవునట్లు అబ్బాయిని నిద్రలేపి చూడండి. కడుపునిండా తిని బయలుదేరగలుగుచున్నాడా? సాయంకాలం ఆడుకొనుటకు ఓపిక మిగులుచున్నదా? ఏడవ రోజున వానిని దగ్గర కూర్చుండబెట్టుకొని, వాని మనస్సులో ఏమున్నదో అడగండి. చెప్పువరకు ఓపిక పట్టండి. నేను అడగలేదు.

బాలలందరికీ శ్రీరామరక్ష! స్వస్తి.