ఇంటి షెడ్డునకు తగిన కొలత

మన గ్రామములలో పశువుల కొట్టము కట్టదలచినవాడు కొలత తెలిసికొనుటకై యెవరిని పిలువనంపడు. ఎన్ని జతల యెద్దులో చెప్పిన చాలును, ఎంత చోటు కావలెనో పెద్దలు కూర్చున్నచోటనే చెప్పగలరు. ఆ లెక్కలో ఎద్దు నిలుచు చోటొక్కటియే కాదు. ముందు గాడి, గాడి కీవల మేత వేయువాడు నడచు దారి, వెనుక పేడ తీయుటకు చోటు, ఎద్దు పరుండినప్పుడు కాళ్లు చాచుకొనుటకు చోటు, ఇవి యన్నియు చేరియున్నవి. ఎద్దు ఒడలికి సరిగా కొలిచి గోడ పెట్టినవానిని మనలో నెవ్వరును చూచియుండరు.

ఇప్పుడు ఆ కొట్టము లున్నచోట అనేక గృహములలో ట్రాక్టరో, కారో, రెండు మోటారు సైకిళ్లో నిలుచుచున్నవి. ఐ.టి.ఐ.లో చదివి మరమ్మతు పని నేర్చిన కుమారుడో మనుమడో ఇంటనే పని పెట్టుకొందునని యడుగుచున్నాడు. అప్పుడు షెడ్డు వేయవలసివచ్చును. ఎంత వేయవలెనని యడిగినచో, ఎద్దు విషయమున నంత యోచించిన పెద్దలే యంత్రము విషయమున "బండి పట్టిన చాలును" అని యొక్క మాటతో తేల్చివైతురు. నేటి నా ప్రసంగము ఆ యొక్క మాటను గూర్చియే.

మొదట కారు సంగతి చెప్పెదను. కొలతలు అడుగులలోనే చెప్పుచున్నాను. అంకణమనిన ఒకచోట 36 చదరపు టడుగులు, మరియొకచోట 72. ఆ తగవులోనికి నేను రాను. 2006లో కేంద్ర ప్రభుత్వము 4 మీటర్ల పొడవు మించని చిన్న కార్లపై ఎక్సైజు సుంకము తగ్గించినది. అది మొదలు మన దేశమున చిన్న కార్లు పెక్కు ఆ హద్దునకు లోబడియే తయారగుచున్నవి. 4 మీటర్లనగా 13 అడుగులకు కొంచెము పైమాట. వెడల్పు, ప్రక్క అద్దములు విడిచి, 6 అడుగులకు లోపుగా నుండును. 2014లో తయారీ నిలిచిపోయిన అంబాసిడరు కారు 14 అడుగులు దాటియుండెను. కావున 9 అడుగుల వెడల్పున 15 అడుగుల పొడవున షెడ్డు వేసినచో బండి పట్టును. పట్టుట కేమియు సందేహము లేదు. కాని అందు బండి నిలిపిన పిమ్మట ఇరుప్రక్కల మిగులునది అడుగున్నర చొప్పున మాత్రమే. తలుపు పూర్తిగా తెరువవలెనన్న దాదాపు 3 అడుగులు కావలెను. చక్రము నెదుట గొంతుక కూర్చుండి, పానా పట్టి బలముగా లాగువానికిని అంతే కావలెను.

అప్పు డేమగునో ఏ యూరనైనను చూడవచ్చును. బండి లోపల నుండును, పని వీధిలో జరుగును. జాకీ మన్నులో దిగబడును. విప్పిన ఇంజనుమీద దుమ్ము పడును. చేజారిన మర మురుగుకాలువలో పడి కనబడదు. వెల్డింగు రవ్వలు బడికి పోవు పిల్లల కాళ్లమీద పడును. ఆ వెలుగు వారి కన్నులలో పడును. ఇరుగుపొరుగువారు తగవున కెక్కుదురు. పట్టణమునకు పోక ఊరిలోనే బ్రదుకుదునన్న పిల్లవాడు ఈ విధముగా నిజముగనే వీధిన పడుచున్నాడు. రెండు సంవత్సరములైన పిమ్మట వాడు పట్టణమునకే పోయి పరుల షెడ్డులో కూలికి చేరినచో, వానికి నిలుకడ లేదని యందుము. వానికి లేనిది నిలుకడ కాదు, నిలుచు చోటు!

కావున లెక్క ఇట్లు వేయవలెను. కారు వెడల్పు 6 అడుగులు, దాని కిరుప్రక్కల మూడేసి యడుగులు, మొత్తము 12. పొడవున కారు 13 అడుగులు, వెనుక 2 అడుగులు, ముందు మనిషి నిలుచుటకు 3 అడుగులు, ఆవల పనిబల్లకు 2 అడుగులు, మొత్తము 20. ఇది గోడల లోపలి కొలత. గోడ మందము దీనిలో కలిపి మోసపోవలదు. ట్రాక్టరునకైనచో, మామూలు బండి 12 అడుగుల లోపుగా నుండును గాని, వెనుక రొటావేటరో గొర్రో తగిలించి యుండును. దానికి మరి 4 అడుగులు. తొమ్మిది కర్రుల గొర్రు సుమారు 7 అడుగుల వెడల్పున నుండును. ఇరుప్రక్కల మూడేసి, పనిముట్లు తగిలించు గోడవైపున 2 చేర్చిన 15 అడుగుల వెడల్పు, 24 అడుగుల పొడవు వచ్చును. ఇంత యేల యని మీకు తోచవచ్చును. ధర సంగతి ముందు చెప్పెదను.

కాని బండి కొలత సగము మాత్రమే. రెండవ సగము పనిచేయువానిని అడిగి తెలిసికొనవలసినది. ఇంట కుమార్తెయే ఆ విద్య నేర్చియున్నచో ఆమెనే యడుగుడు. నీవు చేయు పనిలో అన్నిటికంటె పొడవైన వస్తువేది, దానిని ఎటు త్రిప్పుదువు, అని యడుగవలెను. మోటార్ల వైండింగు చేయువాడు వస్తువును బల్లమీదనే యుంచి చేయును. వానికి పది పండ్రెండడుగుల గదియే చాలును. వడ్రంగము చేయువాని మాట వేరు. 8 అడుగుల చెక్కను రంపపు బల్లమీద నిలువున కోయవలెనన్న, కోయకముందు చెక్క బల్ల కీవల 8 అడుగులుండును, కోసిన పిమ్మట ఆవల 8 అడుగులుండును. నడుమ బల్ల 2 అడుగులు. అనగా 8 అడుగుల చెక్కకు 18 అడుగుల బారు కావలెను. ఐతే ఆ బారు ఒక్క వరుసలో నున్న చాలును. రంపమునకు సూటిగా గోడలో కిటికీ పెట్టించినచో, చెక్క కొన కిటికీలో నుండి బయటికి పోవును, ఆరడుగుల గోడ ఖర్చు మిగులును. తెలివిగల వడ్రంగు లిట్లు చేయుదురు.

పని చిన్నదైనచో షెడ్డు చిన్నదైనను కొరత లేదనుట కొక యుదాహరణము కలదు. అమెరికాలో కాలిఫోర్నియా రాష్ట్రమున పాలో ఆల్టో అను నగరమున, ఒక యింటి వెనుక కారు నిలుపు షెడ్డు 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గలది. హ్యూలెట్, ప్యాకర్డ్ అను ఇరువురు యువకులు 1938లో అందు పని మొదలుపెట్టి, 538 డాలర్ల మూలధనముతో 1939లో కంపెనీ స్థాపించిరి. నేను కారునకు చెప్పిన షెడ్డుకంటె అది రెండడుగులు పొట్టి. ఐనను వారి కది చాలెను, ఏలయన వారు చేసినవి బల్లమీద పట్టు విద్యుత్ పరికరములు. ధ్వనిని పరీక్షించు అట్టి పరికరములనే చలనచిత్రములు తీయు డిస్నీ సంస్థ ఎనిమిదింటిని కొనినది. 1940లో పని పెరుగగా వారు వేరొక కట్టడమునకు మారిరి. వారే ట్రాక్టర్లు బాగుచేయువారైనచో ఆ షెడ్డులో ఒక నెలయైనను ఇమిడియుండరు.

ద్వారము మాట మరువరాదు. హెన్రీ ఫోర్డు డెట్రాయిటు నగరమున ఎడిసన్ విద్యుత్ కంపెనీలో ఇంజనీరుగా నున్నప్పుడు, తా నద్దె కున్న యింటి వెనుక ఇటుకల కొట్టమున తన మొదటి మోటారు బండిని తయారుచేసెను. 1896 జూను 4వ తేది తెల్లవారక మునుపే దానిని నడిపి చూడబోగా, బండి ద్వారముకంటె వెడల్పుగా నుండెను! ఆయన గొడ్డలి పట్టి ఇటుకలు పడగొట్టి బండిని బయటికి తెచ్చెను. అంత గొప్ప యంత్రజ్ఞునకే అది జరిగినది. మనము కారునకు 9 అడుగులు, ట్రాక్టరునకు 10 అడుగులు ద్వారము పెట్టుకొందము. ట్రాక్టరు పొగగొట్టము నిలువుగా నుండును గనుక, దానిని కొలిచి, దానిపై ఒక యడుగు చేర్చి ద్వారపు టెత్తు నిర్ణయింపవలెను. ఇదిగాక ప్రక్కగోడలో 3 అడుగుల చిన్న ద్వార మొకటి యుండవలెను. నిప్పంటుకొనినప్పుడు షట్టరు బిగిసినచో, లోపలివానికి అదియే దిక్కు.

ఇచ్చట ప్రాణములకు సంబంధించిన మాట చెప్పవలసియున్నది. మూసిన గదిలో ఇంజను నడిపినచో వెలువడు పొగలో కార్బన్ మోనాక్సైడను విషవాయు వుండును. దానికి రంగు లేదు, వాసన లేదు. తలనొప్పి, మైకము కలిగి, మనిషి లేవబోయి లేవలేక కూలిపోవును. షెడ్డు పెద్దదైన మాత్రమున ఆ వాయువు హానిచేయక మానదు; కొంచె మాలస్యముగ చేయును, అంతే. అందుచేత షెడ్డు ఎంతదైనను ఇంజనును బయటనే నడుపవలెను. ఎదురెదురుగా కిటికీ లుండవలెను. పెట్రోలు ఆవిరి గాలికంటె బరువైనది; నేలను పట్టుకొని ప్రాకి పల్లమున చేరును. కావున బండి క్రింద దిగి పనిచేయుటకు షెడ్డులో గొయ్యి త్రవ్వించుట నాకు సమ్మతము కాదు. బ్యాటరీ ఛార్జి చేయునప్పుడు పుట్టు ఉదజని వాయువు దీనికి విరుద్ధముగ పైకెగసి కప్పు క్రింద నిలుచును, నిప్పురవ్వ తగిలిన ప్రేలును. దానికొరకు గోడల పైభాగమున గాలిరంధ్రములు కావలెను. పడుకగదిని ఆనుకొని షెడ్డు వేయువారు నడుమ గోడలో కిటికీ ఉంచరాదు.

ఎత్తు 11 అడుగులకు తగ్గనీయకుడు. ఇంజనును చైను కప్పీతో ఎత్తినప్పుడు దూలమునకు, కప్పీకి, గొలుసునకు, ఇంజనునకు వరుసగా చోటు కావలెను. అదిగాక మన వైశాఖమాసపు టెండలో రేకుల క్రింద ఎనిమిదడుగుల ఎత్తున పనిచేయు మనిషి బ్రదుకు మీరు ఊహింపగలరు. పనిబల్లను ఉత్తరపు కిటికీ క్రింద వేసినచో, ఎండ కంట పడక వెలుగు రోజంతయు నిలుకడగా వచ్చును. బల్లకు బిగించిన వైసు పైయంచు, నిలుచున్నవాని మోచేతి మట్టమున నున్నచో ఆకురాయి పట్టుటకు అనువుగా నుండును. చిత్రిక పట్టువానికి బల్ల అంతకంటె దిగువగా నుండవలెను.

ఇక ధర. 12 అడుగుల వెడల్పు, 18 అడుగుల పొడవు గల షెడ్డు నేల 216 చదరపు టడుగులు. చుట్టుగోడ 60 అడుగులు. 15 అడుగులకు 24 అడుగులైనచో నేల 360, గోడ 78. అనగా నేల మూడింట రెండువంతులు పెరిగినను, గోడ పదింట మూడువంతులే పెరిగినది. పైకప్పు మాత్రము నేలతోపాటే పెరుగును. దూలపు బరువును ధరయు వెడల్పునుబట్టి యుండును గనుక, చోటు చాలనప్పుడు వెడల్పు పెంచుటకంటె పొడవు పెంచుట చవుక. ఇంకను చవుకైన ఉపాయ మొకటి గలదు. షెడ్డు ముందు గోడలు లేని వసారా 10 అడుగులు వేయుడు. వెల్డింగు, కడుగుట, ఇంజను నడిపి చూచుట అచ్చటనే జరుగును. విజయవాడ ఆటోనగరు చూచినవారికి తెలియును, పనిలో నెంత భాగము కప్పు క్రింద బయటనే జరుగునో. డబ్బు చాలనివారు గదిని తగ్గించి వసారా నుంచుకొందురు గాక, వసారాను తగ్గించి గదిని పెంచుకొనరాదని నా యభిప్రాయము.

మిక్కిలి పెద్దదిగ కట్టుటయు మేలు కాదు. మన యిండ్లలో ఖాళీగ నున్న మూల ఆరునెలలు ఖాళీగ నుండదు. మొదట ఎరువుల బస్తాలు వచ్చును, పిమ్మట పత్తి వచ్చును, పిమ్మట పెండ్లి పందిరి రాటలు. పత్తి యున్నచోట నిప్పురవ్వ పుట్టు పని చేయుట యెట్టిదో రైతులకు నేను చెప్ప నక్కరలేదు. నిలువకు వేరొక కొట్టము చూచుకొనవలెను. లేదా పత్తి లోపలికి రాదని ఇంటి పెద్దయే మొదట మాట యీయవలెను. పిల్లవా డా మాట అన్నచో ఎదిరించినాడందురు.

కాగితము మీద కొలత ఎంత సరిగా నున్నను, కన్ను దానిని నమ్మదు. కావున పునాదికి ముందు నేలమీదనే షెడ్డును చూడుడు. నాలుగు మూలల గూటములు దిగగొట్టి, త్రాడు లాగి, ముగ్గు పోయుడు. ద్వారము చోట ముగ్గు పోయక విడువుడు. పనిబల్లకు బదులు నులకమంచ మొకటి వేయుడు. ట్రాక్టరును గొర్రుతో సహా ఆ ద్వారము నుండియే లోనికి తెచ్చి నిలిపి, బానెట్టు ఎత్తి, చక్ర మొకటి విప్పించి, ముగ్గు దాటక పని చేయుమని పిల్లవానికి చెప్పుడు. ఎన్నిసార్లు వాని కాలు ముగ్గును చెరపునో చూచుచుండుడు. చెరపినవైపు త్రాడు జరుపుడు. వాస్తు పండితులు వచ్చి ఆయము గణించి, అడుగో అరయడుగో మార్చుమందురు. మార్పవచ్చును, కాని ఆ మార్పు తగ్గించుట కాక హెచ్చించుటయే కావలెనని ముందుగనే మనవి చేసికొనుడు. ముందుముందు పెంచుకొనుటకు వీలుగా ఒక ప్రక్క ఖాళీస్థల ముంచి, ఆ ప్రక్క గోడలో నీటితొట్టి గాని మెట్లు గాని కట్టకుడు. పంచాయతి అనుమతి పత్రములో వ్రాయు కొలత ఈ త్రాడు చెప్పిన కొలతయే కావలెను. వారమురోజులు ట్రాక్టరు ఆ ముగ్గులోనికే వచ్చి పోవునట్లు చూడుడు. అంతవరకు ఆ గూటములను పీకనీయకుడు.