దెయ్యం చెప్పుకునే గోడు



పచ్చళ్ళూ, పొదుపూ, పిల్లల చదువులూ మనం ఎప్పుడూ మాట్లాడుకునేవే. ఇవాళ కాస్త మార్పుగా దెయ్యాల గురించి మాట్లాడుకుందాం. కంగారు పడకండి, సినిమా దెయ్యాలే! వాటితోపాటు ఈమధ్య మన తెలుగులో వస్తున్న సైన్సు కథల సంగతి కూడా.

నాకు సినిమా పిచ్చి ఉందని మా ఇంట్లో అందరికీ తెలుసు. దిల్‌సుఖ్‌నగర్ కోణార్క్, వెంకటాద్రి టాకీసుల పేర్లు చెబితే మా వైపు వాళ్ళందరికీ ఏదో ఒక సినిమా గుర్తొస్తుంది. 2018 సెప్టెంబరులో మా ఎల్‌బీ నగర్‌కు మెట్రో వచ్చాక ఇంకా సులువయింది. వంట ముగించుకుని రైలెక్కి, ఖైరతాబాద్‌లో దిగి, పెద్ద తెర మీద సినిమా చూసి, సాయంత్రం దీపం వేళకు ఇంటికి వచ్చేయొచ్చు. మా పక్కింటావిడ మాత్రం, "పైసలు పెట్టి భయపడి వచ్చుడేందక్కా? ఇంట్ల కరెంటు బిల్లు చూస్తే సాల్దా?" అంటుంది. నవ్వుతాను గానీ, ఆవిడ అడిగినదాంట్లో న్యాయం లేకపోలేదు. ఎందుకు చూస్తాం మనం ఈ సినిమాలు?

నాకు తోచింది చెబుతాను. దెయ్యం కథలో గడిచిపోయిన కాలం మనల్ని వెతుక్కుంటూ వస్తుంది. కాలయంత్రం కథలో మనమే ఆ కాలాన్ని వెతుక్కుంటూ పోతాం. రెండిటిలోనూ ఉన్నది ఒకటే బాధ. అప్పుడు జరిగినదాన్ని ఎవరైనా సరిదిద్దితే బాగుండునే అని! ఇంట్లో ఉండే ఆడవాళ్ళకు ఈ బాధ కొత్తదా చెప్పండి?

మన సినిమాల్లో దెయ్యం ఎక్కువగా ఆడదే ఎందుకవుతుందో ఎప్పుడైనా ఆలోచించారా? 2014లో వచ్చిన "గీతాంజలి" చూడండి. బతికుండగా చెప్పుకునే దిక్కులేని పిల్ల చచ్చిపోయాక తన కథ వినిపించుకుంటుంది. తెల్లచీరా, విరబోసిన జుట్టూ, కాలి గజ్జెలూ తీసేసి చూస్తే లోపల ఉన్నది అన్యాయం జరిగిన ఒక మనిషి. ప్రాణంతో ఉన్నప్పుడు ఎవరూ వినలేదు గనక, చచ్చాక అరిచి వినిపిస్తుంది. హాల్లో మనం కేకలు వేసేది భయంతోనే కావచ్చు, కానీ ఆ తర్వాత కన్నీళ్ళు వస్తాయే, అవి ఎందుకో మనకు తెలుసు.

అందుకే నాకు 2009 నాటి "అరుంధతి" అంటే ఇప్పటికీ గౌరవం. కోడి రామకృష్ణగారు అందులో లెక్క తిరగేశారు. దెయ్యం మగవాడు, ఎదురు నిలబడేది ఆడది. తన ఎముకలతోనే ఆయుధం చేయించుకోవడానికి ప్రాణం ఇచ్చిన జేజమ్మను చూసి మా ఈడు వాళ్ళం హాల్లో లేచి నిలబడ్డంత పనిచేశాం.

2022 నవంబరులో వచ్చిన "మసూద" కూడా చెప్పుకోదగ్గది. భర్తకు దూరంగా, కూతురితో ఒంటరిగా బతికే టీచరు పాత్ర సంగీత వేసింది. పిల్లకు ఏదో పట్టిందని తెలిశాక ఆ తల్లి మూల కూర్చుని ఏడవదు, పక్కింటి కుర్రాణ్ణి తోడు తీసుకుని కదులుతుంది. ఆ కుర్రాడు మనలాగే పిరికివాడు! వీరుడు కాడు గనకనే మనకు భయం వేసింది.

ఇక 2023 ఏప్రిల్‌లో వచ్చిన "విరూపాక్ష" గురించి నాకొక తగువు ఉంది. సినిమా చక్కగా తీశారు, కాదనను. చేతబడి చేస్తున్నారని భార్యాభర్తలను ఊరంతా కలిసి సజీవంగా తగలబెట్టే దృశ్యం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. గుంపు చేసే పాపం ఎట్లా ఉంటుందో కళ్ళకు కట్టారు. బాగుంది. కానీ ఆ తరువాత కథంతా చేతబడి నిజంగానే ఉన్నట్టు నడిపారు. అప్పుడు చూసేవాళ్ళకు ఏమనిపిస్తుంది? ఊరివాళ్ళు చేసింది తప్పే గానీ, వాళ్ళ అనుమానం తప్పు కాదన్నట్టు కాదూ? ఇది వట్టి సినిమా గొడవ కాదమ్మా. మన దేశపు నేరాల లెక్కల్లో హత్యలకు చూపే కారణాల్లో చేతబడి, మంత్రగత్తె అనే నెపం ఇప్పటికీ ఒకటి. తెర మీది మంటలు ఆట ముగిశాక ఆరిపోతాయి. ఊళ్ళో అంటించినవి ఆరవు.

సైన్సు కథలకు వద్దాం. పదో తరగతితో చదువు ఆపేసిన దానికి సైన్సు ఏం తెలుసంటారేమో! 1991లో సింగీతం శ్రీనివాసరావుగారు "ఆదిత్య 369" తీసి, శ్రీకృష్ణదేవరాయల కాలానికీ, రాబోయే 2504కూ మనల్ని తిప్పి తీసుకొచ్చినప్పుడు, అర్థం కాలేదన్నవాళ్ళు ఎవరూ నాకు కనబడలేదు. 2025 ఏప్రిల్‌లో దాన్ని మళ్ళీ విడుదల చేస్తే, చిన్నప్పుడు చూసినవాళ్ళు తమ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళారు.

2022 సెప్టెంబరులో వచ్చిన "ఒకే ఒక జీవితం" నా మనసుకు మరీ దగ్గరది. చేతికి కాలయంత్రం దొరికితే రాజ్యాలో, లాటరీ నంబర్లో వెతుక్కోకుండా, ఆ అబ్బాయి 1998కి వెళ్ళి పోయిన తల్లిని చూసుకోవాలనుకుంటాడు. అమలగారు ఆ తల్లి. మనం వంటింట్లో గడిపిన ఒక మామూలు సాయంత్రం ఎవరికో ఒకరికి అంత విలువైనదవుతుందని ఆ సినిమా చెప్పింది.

2024 జూన్‌లో వచ్చిన "కల్కి 2898 ఏడీ" చూసి కళ్ళు చెదిరాయి, నిజమే. అశ్వత్థామగా అమితాబ్ బచ్చన్‌గారు ఆ వయసులో తెరంతా నిండిపోయారు. అయితే నాకు గుర్తుండిపోయింది మాత్రం కడుపుతో ఉన్న ఆడవాళ్ళను బంధించి ప్రయోగాలు చేసే ఆ కట్టడం. ఎనిమిది వందల ఏళ్ళకు పైగా ముందుకు పోయినా గర్భం ఆడదానిదే, దానిమీద పెత్తనం ఇంకొకరిదే! ఇంతటి సంగతి ఎత్తుకున్న దర్శకులు నాగ్ అశ్విన్‌గారు ఆ తల్లి పాత్రకు ఇంకాస్త మాట ఇచ్చి ఉండాల్సింది. ఆమె చుట్టూ యుద్ధాలు జరుగుతాయి గానీ ఆమె మనసులో ఏముందో మనకు సరిగ్గా తెలియదు.

2025 మేలో వచ్చిన "శుభం" మాత్రం కడుపుబ్బ నవ్వించింది. సమంత నిర్మించిన ఈ కథ భీమునిపట్నంలో జరుగుతుంది. రాత్రి సీరియల్ మొదలవగానే భార్యలకు దెయ్యం పట్టినట్టవుతుంది. మీ ఇంట్లోనూ ఈ మాట వినే ఉంటారు! నవ్వుల మధ్యనే, భార్యకు ఏం కావాలో భర్త ఎప్పుడైనా అడిగాడా అని కూడా అడుగుతుందది.

చివరగా ఒక్క మాట. ఎదిగిన పిల్ల ఉన్నట్టుండి మాట తగ్గించినా, నిద్రలో ఉలిక్కిపడుతున్నా, అన్నం ముట్టకపోయినా "గాలి సోకింది" అని తాయెత్తు కట్టి ఊరుకోకండి. పక్కన కూర్చోబెట్టుకుని ఏమైందో అడగండి, చెప్పేదాకా ఓపిక పట్టండి. అవసరమైతే డాక్టరుకు చూపించండి. 2022 అక్టోబరులో ప్రభుత్వం పెట్టిన టెలిమానస్ నంబరు 14416కు ఏ వేళనైనా ఉచితంగా ఫోను చేసి, తెలుగులోనే మాట్లాడవచ్చు. చిన్నపిల్లలను ఇలాంటి సినిమాలకు తీసుకుపోయేముందు సర్టిఫికెట్టు చూడండి. 2024 నిబంధనల్లో యూఏను 7, 13, 16 ఏళ్ళని మూడు రకాలు చేసింది మన కోసమే.

దెయ్యాల సినిమాలు నేను చూస్తాను, మీరూ చూడండి. కానీ మనిషి గోడు మాత్రం మనిషిగా ఉన్నప్పుడే విందాం.

సెలవు.