లాప్‌టాప్‌లో డిస్కు మార్చే ముందు



అబ్బాయి బీటెక్ చదువుకని కొన్న లాప్‌టాప్, వాడు ఉద్యోగానికి వెళ్ళాక ఇంట్లోనే ఉండిపోతుంది. పెళ్ళి ఫోటోలు, బ్యాంకు లెక్కలు, పొలం కాగితాలు, మిర్చియార్డులో ఇచ్చిన పట్టీలు, అన్నీ మెల్లగా అందులోకే చేరతాయి. మన గుంటూరు, ఒంగోలు వైపు చాలా ఇళ్ళలో ఇదే వరస. ఓ రోజున అది తెరుచుకోవటానికే పావుగంట పడుతుంది. లోపల్నుంచి టిక్కు టిక్కుమని చప్పుడు. "పాతదైపోయిందండీ, కొత్తది కొనుక్కోండి" అని చెప్పేవాళ్ళకేం! చాలాసార్లు చెడేది యంత్రమంతా కాదు, అందులోని హార్డ్‌డిస్కు ఒక్కటే.

ఆ డిస్కులో అద్దంలా మెరిసే పళ్ళెం నిమిషానికి 5,400 సార్లు తిరుగుతుంటుంది. దానిమీద గ్రామఫోను ముల్లులాంటిది తాకకుండా కదులుతూ చదువుతుంది. మధ్య ఎడం వెంట్రుక మందంలో వెయ్యోవంతు కూడా ఉండదు. నడుస్తుండగా కుదుపు తగిలితే గీత పడ్డట్లే. మన ఎండలు సరేసరి, మంచంమీద దుప్పటిపైన పెట్టి నడిపితే వేడి ఇంకా పెరుగుతుంది. 1956లో ఐ.బి.ఎం. వారు చేసిన మొదటి డిస్కులో ఇటువంటి పళ్ళాలు 50 ఉండేవి. పట్టేది మాత్రం 5 మెగాబైట్లే, అంటే ఇప్పటి సెల్‌ఫోను ఫోటోలు ఒకటో రెండో!

చప్పుడు వినబడగానే ముందు చేయవలసింది కొనడం కాదు, కాపీ తీసుకోవడం. సినిమాలూ పాటలూ మళ్ళీ దొరుకుతాయి. పోయిన పెద్దవాళ్ళ ఫోటోలు దొరకవు కదా, వాటినే మొదట బయటి డిస్కులోకి ఎక్కించండి. చప్పుడు గట్టిగా ఉంటే మాటిమాటికీ ఆన్ చేసి చూడవద్దు. ఆపేసి, డేటా తిరిగి తీసేవారి దగ్గరకు పంపండి. ఖర్చు ఎక్కువే, అయినా మరో దారి లేదు.

ఇక కొనడం. కుక్కరు గాస్కెట్టుకి పాతది పట్టుకెళ్ళి సరిచూసుకుంటాం కదూ? ఇదీ అంతే. లాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరు రాసుకుని, కంపెనీ పుస్తకంలో ఏ రకం పడుతుందో చూడండి. పాతవాటిలో సాధారణంగా రెండున్నర అంగుళాల సాటా డిస్కు ఉంటుంది. మందం 7 మిల్లీమీటర్లా, 9.5 మిల్లీమీటర్లా అన్నది ముఖ్యం. లావుది సన్నని గూట్లో పట్టదు. సన్నది లావు గూట్లో పడుతుంది, కదలకుండా పక్కన ఓ అంచుపట్టీ పెడితే సరి. తిరిగే పళ్ళెం లేని ఎస్.ఎస్.డి. కూడా ఇదే కొలతలో వస్తుంది. నన్నడిగితే అదే కొనండి, తెరుచుకునే వేగంలో తేడా మీకే తెలుస్తుంది.

కొత్త లాప్‌టాపుల్లో సన్నటి స్కేలు ముక్కలాంటి ఎం.2 ఉంటుంది. అసలు తికమక ఇక్కడే. చూడటానికి ఒకేలా ఉన్నా సాటా రకం వేరు, ఎన్.వి.ఎం.ఇ. రకం వేరు. గూట్లో కూర్చున్నంత మాత్రాన పని చేస్తుందని లేదు. కొన్నిటిలో డిస్కును బోర్డుకే అతికించేసి ఉంటారు, వాటిని మార్చలేం.

అసలైన విండోస్ 10 గానీ 11 గానీ ఉన్నదైతే, డిస్కు మార్చినంత మాత్రాన మళ్ళీ కొననక్కరలేదు. కొనమంటే ఎందుకని అడగండి.

పాత డిస్కు దుకాణంలో వదిలి రాకండి. అందులో మీ ఆధార్, బ్యాంకు కాగితాలున్నాయి. పూర్తిగా చచ్చినదైతే మందపాటి గోనెగుడ్డలో చుట్టి, పెరట్లో సుత్తితో నాలుగు దెబ్బలు వేయండి. లోపలి పళ్ళెం గాజుదై ఉండవచ్చు, కళ్ళు జాగ్రత్త.