ఇప్పగింజ మన కొండది, లాభం ఎవరిది?

(ఏలూరు, తాడేపల్లిగూడెం కాలేజీల్లో చదివే ఏజెన్సీ విద్యార్థుల ముందు మాట్లాడిన మాటలు)



హాస్టల్లో మనం ఇప్పచెట్టు పేరెత్తితే చాలు, పక్కవాళ్లు సారా అని నవ్వుతారు. మనం తల దించుకుంటాం. ఈ రోజు ఆ చెట్టు లెక్క చెప్తాను, తల ఎత్తి వినండి.

కొల్లేరు వైపు వెళ్తే పక్షుల కన్నా ముందు చేపల చెరువులే కనపడతాయి. ఆ చెరువులకీ బుట్టాయగూడెం కొండలకీ ఏం సంబంధం? చేపపిల్లల్ని వదిలే ముందు, వాటిని మింగేసే కొర్రమీను లాంటి చేపల్ని చెరువులోంచి తీసెయ్యాలి. అందుకు వాడేవాటిలో ఇప్పచెక్క ఒకటి. అంటే ఇప్పగింజల నూనె తీశాక మిగిలే పిండి. అందులోని సపోనిన్ చేపల్ని చంపుతుంది. రెండు మూడు వారాల్లో ఆ విషం విరిగిపోయి, మిగిలింది చెరువుకి ఎరువవుతుంది. మీటరు లోతున్న హెక్టారు చెరువుకి 2,500 కిలోలు వెయ్యమంటారు. అంటే ఎకరానికి టన్ను! అభయారణ్యంలోని అక్రమ చెరువుల్ని నేను వెనకేసుకు రావట్లేదు. మనం గింజగా అమ్మేసేదానికి కింద ఎంత గిరాకీ ఉందో చెప్తున్నానంతే.

ఈ చెట్టుకి బోరు అక్కర్లేదు, కరెంటు మోటారు అక్కర్లేదు. గులకరాతి నేలలో కూడా వేరు లోతుకి దించి, ఎండలు ముదిరేలోపు ఆకు రాల్చి, మార్చి, ఏప్రిల్‌లో పువ్వు రాలుస్తుంది. పొలం పని లేక, చేతిలో రూపాయి లేని రోజులవి. ఎలుగుబంటి తినేదీ, గబ్బిలం బతికేదీ ఆ పువ్వు మీదే. అదే పామాయిల్ చెట్టుకైతే రోజుకి 150 నుంచి 200 లీటర్ల నీళ్లు కావాలి. పామాయిల్ వేసుకున్న మనోళ్లని తప్పు పట్టను. కానీ దానికోసం గట్టు మీద ఇప్పని నరికితే మాత్రం నష్టం మనకే.

అమెరికాలో నెవడా రాష్ట్రం ఎడారి లాంటిది. అక్కడ షోషోనీ, పైయూట్ ఆదివాసులకి పిన్యన్ పైన్ అనే చెట్టు గింజలే చలికాలం తిండి. అదీ కరువుకి ఓర్చుకునే చెట్టే. 19వ శతాబ్దంలో గనుల కొలిమి బొగ్గు కోసం దాన్ని నరికారు. తర్వాత పశువుల మేత కోసం ట్రాక్టర్లకి ఇనుప గొలుసు కట్టి పెళ్లగించారు. చూసేవాడికి అది పనికిరాని తుప్ప, ఏరుకునేవాళ్లకి గాదె. మన కథ వేరేగా ఉందా?

చట్టం మన వైపే ఉంది. 2006 అటవీ హక్కుల చట్టం సెక్షన్ 3(1)(సి) చిన్నతరహా అటవీ ఉత్పత్తుల మీద యాజమాన్య హక్కు మనదే అంటోంది. ఏరడమే కాదు, అమ్ముకోవడం కూడా. 2020 మేలో కేంద్రం ఎండు ఇప్పపువ్వుకి కిలో 30 రూపాయలు, గింజకి 29 రూపాయలు మద్దతు ధర ప్రకటించింది. సంతలో మన అమ్మ బుట్ట దించినప్పుడు ఆ అంకె ఎంతమందికి తెలుసు? చదువుకున్న మనం చెప్పకపోతే ఎవరు చెప్తారు?

మన తప్పూ ఒప్పుకోవాలి. పువ్వు ఏరడం తేలికవుతుందని చెట్టు కింద ఆకులకి నిప్పు పెడతాం. గింజ ఒక్కటీ మిగల్చం. మొలిచిన మొక్క కాలిపోతోంది. మన తాతలు వదిలిన చెట్లే తింటున్నాం. విత్తు మొక్క కాపుకి రావడానికి పదేళ్లు దాకా పడుతుంది. ఈ రోజు నాటకపోతే మన పిల్లలకి ఏముంటుంది?

అందుకే మూడు పనులు. సెలవులకి ఊరెళ్లినప్పుడు గ్రామసభలో నిప్పు పెట్టొద్దని, ఇప్ప నరకొద్దని తీర్మానం రాయించండి. తాడేపల్లిగూడెం పక్కనే వెంకటరామన్నగూడెంలో ఉద్యాన విశ్వవిద్యాలయం ఉంది, వెళ్లి ఇప్ప అంటుమొక్కలు అడుగుదాం. గింజని గింజగా అమ్మకుండా, నాలుగు ఊళ్లు కలిసి ఒక నూనె గానుగ పెట్టుకునే దారి చూద్దాం. నూనె మన ఇంట్లో ఉండాలి, చెక్క మన రేటుకి కొల్లేరు దిగాలి.

జై ఆదివాసీ. జల్, జంగల్, జమీన్ మనవే.